హెలికాప్టర్ దారిలో

పెళ్లయి ఇరవై రెండు రోజులు. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి కోడలిగా వచ్చిన హుమేరాకు ఇంకా ప్రతిదీ ముద్దుగానే ఉంది. తన చెప్పుల పక్కన షహబాజ్ చెప్పులుండటం ముద్దు. చాయ్‌లో బిస్కెట్ విరిగి మునిగిపోతే ఇద్దరూ చెంచాతో వెతకటం ముద్దు. డిగ్రీ చదివిన పిల్ల ఇంత చిన్నవాటికి మురిసిపోతుందేమిటని అత్త ఆటపట్టించేది.

ఆ ఉదయమూ మురిపెంగానే బయల్దేరింది. మూడు రోజుల వానకు వాగు పొంగి మహమ్మద్‌నగర్ వైపు పొలాల్లో ఇద్దరు చిక్కుకున్నారని, వాళ్ల కోసం హెలికాప్టర్ వస్తోందని తెలిసింది. పెళ్లిళ్ల వీడియోలు తీసే షహబాజ్ డ్రోన్ సంచీ భుజాన వేసుకున్నాడు. హెలికాప్టర్ పక్కకు ఒరిగి తిరిగే క్షణం తనకు కావాలని, బండి మీద వెనక కూర్చుని హుమేరా అతని చెవిలో అడిగింది. అలాగేనన్నాడు. ఆమె ఏం అడిగినా ఆ రోజుల్లో అతనిది అదే జవాబు.

వంతెన దగ్గర ఎస్సై మల్లేష్ తాడు కట్టి జనాన్ని ఆపుతున్నాడు. అవతల ఎర్రటి నీళ్ల మధ్య చిన్న బోరుమోటారు గది. దాని స్లాబు మీద బాలనర్సయ్య, అతని తల్లి నర్సవ్వ. స్టార్టర్ డబ్బా తడవకుండా విప్పుకొద్దామని తెల్లవారుజామున అతను పోతే, కొడుకు ఇంకా రాలేదని ముసలామె వెనకే పోయిందట. బాలనర్సయ్య భార్య అనసూయమ్మ తాడు పట్టుకుని నిలబడి ఉంది.

హెలికాప్టర్ మబ్బుల కింద నుంచి వచ్చింది. ఆపి ఉన్న ట్రాక్టర్ చాటుకు పోయి షహబాజ్ డ్రోన్ లేపాడు. హెలికాప్టర్ ఒరిగింది. స్క్రీన్ మీద దాని పొట్ట, తిరిగే రెక్కలు నిండుగా కనిపించాయి. హుమేరా చప్పట్లు కొట్టింది.

అంతలోనే అది ముక్కు పైకెత్తి గిర్రున దూరంగా జరిగిపోయింది.

ఎస్సై చేతిలో వైర్‌లెస్ గరగరమంది. పైలట్‌కు డ్రోన్ కనపడింది. అది రెక్కకు తగిలితే లోపలున్న వాళ్లతో సహా హెలికాప్టరే కూలుతుంది. ఆకాశం ఖాళీ అయిందని తెలిసేదాకా దగ్గరికి రానన్నాడు. డ్రోన్ ఎవరిదో వెంటనే దించాలని ఎస్సై మైకులో అరిచాడు. షహబాజ్ రిమోట్‌ను రెయిన్‌కోటు కిందికి జరిపాడు.

రిమోట్ కూతపెట్టింది. బ్యాటరీ తగ్గితే డ్రోన్ దానంతటదే తిరిగి వస్తుందని హుమేరాకు తెలుసు. హమ్మయ్య అనుకుంది. కానీ షహబాజ్ ముఖం పాలిపోయింది. పోయిన వారం ఒక పెళ్లి బరాత్ ఊరేగింపు కోసం, ఊళ్లోని కరెంటు తీగలకు, సెల్ టవర్‌కు తగలకుండా తిరుగుదారి ఎత్తు వంద మీటర్లు పెట్టాడు. మార్చటం మరిచాడు. ఇప్పుడు అది వెనక్కి రావాలంటే ముందు అంత ఎత్తుకు లేస్తుంది. సరిగ్గా హెలికాప్టర్ తిరుగుతున్న చోటికి.

రెండు నిమిషాలిస్తే కిందికి తగ్గించి మెల్లగా తెస్తానని అతను ఉర్దూలో గొణిగాడు. డ్రోన్ కంటికి కనపడుతోందా అని ఆమె అడిగింది. లేదు. స్క్రీన్ నిండా నీటి చుక్కలే.

పక్కనే అనసూయమ్మ హుమేరా మణికట్టు పట్టుకుంది. “ఎవని తమాషా బిడ్డా ఇది? ఆడ నా పెనిమిటి సస్తుండు.”

ఆ చెయ్యి మంచుగడ్డలా ఉంది. హుమేరా తన చేతిని విడిపించుకోలేదు. భర్త వైపు తిరిగి, అందరికీ వినపడేలా తెలుగులో అంది:

“నీళ్లల్ల ముంచెయ్.”

అతని బతుకంతా ఆ డ్రోనే. ఒక్కసారి ఆమెను చూసి, బొటనవేలితో రిమోట్ మీటను కిందికి నొక్కిపట్టాడు. స్క్రీన్ మీద ఎర్రనీళ్లు, ఆ వెంటే నలుపు.

హుమేరా ఎస్సై దగ్గరికి పరుగెత్తింది. “సార్, అది మాదే. వాగుల వడేసినం. ఇంకోటి లేదు, పైలట్‌కు చెప్పుండ్రి.”

“నీ మాట మీద నేనాయనకు మాటియ్యాలె,” అన్నాడు ఎస్సై. “అబద్ధమైతే పైనోళ్లు గూడ సస్తరు.”

షహబాజ్ వచ్చి రిమోట్ అతని చేతిలో పెట్టాడు. “లేపింది నేనే సార్.”

“వీడియో తియ్యమన్నది నేను,” అంది హుమేరా.

ఎస్సై వైర్‌లెస్‌లో చెప్పాడు. కానీ అప్పటికే ఇంధనం చాలక హెలికాప్టర్ కామారెడ్డి దారి పట్టింది. నింపుకుని రావటానికి నలభై నిమిషాలు.

అనసూయమ్మ తిట్టలేదు. తాడు పక్కనే బురదలో కూలబడింది. తిడితే బాగుండునని హుమేరాకు అనిపించింది. స్లాబు అంచు మునిగింది. బాలనర్సయ్య తల్లిని భుజాలకెత్తుకున్నాడు. నీళ్లు అతని పిక్కలు దాటాయి, మోకాళ్లు దాటాయి. ఒకసారి తూలాడు. హుమేరా కామారెడ్డి వైపు ఆకాశాన్నే చూస్తూ, వచ్చిన దువాలన్నీ చదివి, అయిపోతే మళ్లీ మొదటినుంచి చదివింది.

మోత వినిపించేసరికి నీళ్లు అతని నడుము దాకా వచ్చాయి. ఎస్సై చెయ్యెత్తకముందే జనం వీడియోలు తీస్తున్న ఫోన్లన్నీ జేబుల్లోకి పోయాయి. హెలికాప్టర్ నుంచి తాడు దిగింది. ముందు నర్సవ్వ పైకి లేచింది. తాడు మళ్లీ దిగేదాకా బాలనర్సయ్య వరదలో ఒక్కడే నిలబడ్డాడు. అతను కూడా లేచాక అనసూయమ్మ హెలికాప్టర్ దిగే చేను వైపు, వీళ్లను చూడకుండానే పరుగెత్తింది.

ఎస్సై జీపు తలుపు తెరిచి షహబాజ్‌ను ఎక్కమన్నాడు. హుమేరాను ఇంటికి పొమ్మన్నాడు. ఆమె ముందుగా ఎక్కి, భర్తకు చోటిచ్చి కూర్చుంది.