పన్నెండు బారలు

గస్తీ పోలీసులు పెద్దల్లుడి చేతులు కట్టి జెట్టీ మెట్లు ఎక్కించారు. కట్టింది అతని పడవ తాడుతోనే. చూస్తున్న చిన్నల్లుడికి కడుపు చల్లబడింది.

ఒకే ఇంటి అక్కచెల్లెళ్ళను చేసుకున్నారిద్దరూ. ఒడ్డంతా వాళ్ళను పెద్దల్లుడు, చిన్నల్లుడు అనే పిలుస్తుంది. కొత్త ఇంజను పెద్దల్లుడిది. పడవల సంఘంలో మాట అతనిది. అత్తగారింట్లో అతనికి కుర్చీ, తనకు పీట. పదేళ్ళుగా చిన్నల్లుడికి ఇదే కుళ్ళు.

పోయిన నెల రెండు దేశాల నాయకులు ఒక హోటల్లో కూర్చుని సముద్రం మీద గీత గీశారు. ఒడ్డుకు పది మైళ్ళు దాటితే మనది కాదు. బదులుగా అవతలి దేశం మనకు కరెంటు ఇస్తుంది. పెద్ద ట్రాలర్లకు మాత్రం రెండువైపులా పాసులు. సోమవారం అవతలి నాయకుడు వస్తున్నాడు. ఆయనకు చూపించడానికి ఒక కేసు కావాలి.

జెట్టీ పక్క పోలీసు ఆఫీసులో గుమాస్తా చదివాడు: "పన్నెండు మైళ్ళ దగ్గర వల వేసినట్టు ముద్దాయే ఒప్పుకున్నాడు."

"బారలన్నానండీ. మైళ్ళనలేదు," అన్నాడు పెద్దల్లుడు.

"ఎక్కడ వేశావంటే నువ్వేగా పన్నెండన్నావు?"

ఈ ఒడ్డున ఎక్కడ వేశావని ఎవరినడిగినా లోతే చెబుతారు. గుండు కట్టిన తాడు దించి, చేతులు బార్లా చాపి కొలుస్తారు. పన్నెండు బారల లోతంటే ఒడ్డుకు ఏడు మైళ్ళు. ఆ ఉదయం చిన్నల్లుడు పక్కనే వల వేశాడు. సాక్షిగా పిలిచింది అందుకే.

వరండాలో ట్రాలర్ల యజమాని అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ఏం చూడలేదని చెప్పు చాలు. చిన్న పడవల్లో పాసు ఒక్క నీకే. మీ తోడల్లుడు కూడా నీ వెనకే."

ఆ చివరి మాట తియ్యగా దిగింది.

కిటికీ అవతల జనం. వలలు బాగుచేసే పిన్ని అంది: "ఏరా, వాడంటే నీకు పడదు, ఒప్పుకుంటాం. రేపు నిన్ను పట్టుకుని ఎక్కడ వేశావంటే ఏం చెబుతావు?"

జవాబు వెతుక్కున్నాడు. బారలే వచ్చాయి నోటికి.

లోపలికి వెళ్ళాడు. "ఈయనంటే నాకు గిట్టదు. అది మా ఇంటి గొడవ. నేనూ అక్కడే వేశాను. పన్నెండు బారలు. నా పేరూ రాసుకోండి."

"మా ఆయనది పదకొండు," అంది పిన్ని కిటికీలోంచి.

"మాది పధ్నాలుగు."

"మాదీ పన్నెండే. రాయవయ్యా, చెయ్యి నొప్పా?"

గుమాస్తా కలం మూసేశాడు.

ఇద్దరినీ వ్యానెక్కించారు. వ్యాను ముందు మూడు వందల మంది రోడ్డు మీద కూర్చున్నారు. సోమవారం దాకా లేచేది లేదన్నారు.

"పెద్దల్లుణ్ణి వదలండి," అని అరుస్తున్నారు.

తన పేరు ఎవరూ అనలేదు. చిన్నల్లుడికి ఒళ్ళు మండింది. గొంతు సవరించుకుని, వాళ్ళతో పాటు తనూ అదే అరిచాడు.