హార్ట్‌విగ్ పెట్టిన ముగింపు

ఈ అరబ్బు దేశంలో, ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో ఒక పాత విల్లాని జిప్సం బోర్డులతో ముక్కలు చేశారు. అందులో ఒక ముక్క మాది. గోడకి అవతల కడప నర్సు తహెరున్నీసా ఉంటుంది. రాత్రంతా డ్యూటీ, పగలంతా నిద్ర. ఆమె నిద్ర పాడవకూడదని వయొలిన్ తీగల కింది బ్రిడ్జికి శబ్దం తగ్గించే రబ్బరు బిళ్ళ తగిలించి వాయించుకుంటాను. అప్పుడది ముక్కు దిబ్బడేసిన మనిషిలా పలుకుతుంది. విజయనగరంలో అన్నేళ్ళు సంగీతం నేర్చుకున్నది ఇందుకేనా అని రోజూ ఒళ్ళు మండుతుంది.

ఆ మూలుగైనా సజావుగా సాగితేగా. కుక్కరు కూస్తుంది. స్కూలు బస్సొచ్చి మా అమ్ము దిగుతుంది. మా ఆయన విశాల్ ఆఫీసు నుంచి ఫోన్ చేసి, తన కళ్ళజోడు ఇంట్లో ఉందేమో చూడమంటాడు. ఈ దేశం వచ్చాక ఒక్క కీర్తన చివరిదాకా వాయించి ఎరగను.

అమ్ము స్కూల్లో సంగీతం నేర్పే జర్మన్ ఆవిడ క్లారా. నేను వయొలిన్ వాయిస్తానని అమ్ము ఆవిడకి చెప్పిందట. ఆవిడ ఎమిల్ హార్ట్‌విగ్ కథ చెబుతుంటే నాకు సొంత మనిషి కథలా అనిపించింది. మాటల్లేని సినిమాల రోజుల్లో ఆయన బెర్లిన్ థియేటర్లకి సంగీతం రాసేవాడు. ఏడుపుకో ముక్క, తుఫానుకో ముక్క, దొంగని తరమడానికో ముక్క. తెర మీద సీను మారగానే ఆపేయాలి కాబట్టి, ఎక్కడ కోసినా చెవికి తెలియకుండా రాయడమే ఆయన పనితనం. వందల ముక్కలు రాశాడు, ఒక్కదానికీ ముగింపు లేదు. తర్వాత సినిమాకి మాటలొచ్చాయి, వాయిద్యగాళ్ళని ఇళ్ళకి పంపేశారు. ఆపైన నాజీలొచ్చి, యూదుడివి కాబట్టి వాయించనే కూడదన్నారు. ఒక స్నేహితురాలి ఇంటి అటక మీద దాక్కున్నాడు. చప్పుడైతే ప్రాణం పోతుంది గనక పియానో లేకుండా, బల్ల మీద వేళ్ళాడిస్తూ ఒకటి రాసుకున్నాడు. దానికి మాత్రం ముగింపు పెట్టాడు. అదెలా ఉంటుందో వినకుండానే పోయాడు.

"గురువారం సాయంత్రం తల్లిదండ్రులకి ఆ కాలం సినిమా ఒకటి వేస్తున్నాం. అయ్యాక ఇది వాయిద్దాం. నేను పియానో, మీరు వయొలిన్," అని క్లారా ఆ సంగీతం కాగితాలు నా చేతిలో పెట్టింది. ఆ లిపి చదవడం విజయనగరంలోనే కొంత నేర్చుకున్నాను. ఇంటికి ఎలా వచ్చానో నాకే తెలియదు, అంత సంబరం.

విశాల్ అన్నం కలుపుతూ విన్నాడు.

"వద్దు స్వర్ణా. నువ్వు నా వీసా మీదున్నావు. ఎవడో వీడియో తీసి పెడతాడు. పర్మిట్ లేకుండా పని చేస్తందని కంపెనీకి చెప్తాడు. నన్ను పంపీస్తే ఏటి చేస్తాం?"

"నేను డబ్బులేం తీసుకోవట్లేదు కదా."

"ఆ సంగతి ఎవడు వింటాడు?"

అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. ఆయన భయపడుతూ చెప్పాడు. కిందటి నెలే వాళ్ళ సెక్షన్లో ఇద్దరిని ఇంటికి పంపేశారు. భయపడే మనిషితో పోట్లాడలేం, ఆ కోపం తీసుకెళ్ళి ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. బయట తిరిగొద్దామంటే ఎండ, లోపలుందామంటే గోడలు. క్లారాకి ఫోన్ చేసి ఒంట్లో బాగాలేదన్నాను. అది అబద్ధం కూడా కాదు.

గురువారం అమ్ము స్నేహితురాలి వాళ్ళతో స్కూలుకి వెళ్ళింది. అక్కడ సినిమా మొదలయ్యే వేళకి నేను ఇక్కడ మంచం మీద కాగితాలు పరిచాను. రబ్బరు బిళ్ళ పీకి సోఫా కిందకి విసిరాను. వయొలిన్ నిండు గొంతుతో పలికేసరికి నేనే ఉలిక్కిపడ్డాను.

సగంలో గోడ మీద చప్పుడైంది. "అక్కా, రాత్రి డ్యూటీకి పోవల్ల. రోంత మెల్లగా వాయించుకోక్కా," అంది తహెరున్నీసా. పాపమనిపించింది, సిగ్గేసింది, ఏడుపొచ్చింది. కమాను మాత్రం ఆపలేదు. ఫోన్ మోగి మోగి ఊరుకుంది. గోడ మీద మళ్ళీ చప్పుడు కాలేదు. ఆమె దిండు నెత్తిన పెట్టుకుందో, వింటోందో తెలియదు.

తలుపు తీసుకుని విశాల్ వచ్చాడు. ఆయన్ని చూస్తూనే వాయించాను. హార్ట్‌విగ్ అటక మీద వేళ్ళతో తడుముకున్న ఆ చివరి స్వరం దాకా వెళ్ళి, అది పూర్తిగా అణిగేదాకా ఉండి, కమాను దించాను.

విశాల్ చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. మొహం చిన్నబోయింది.

"నేనొచ్చానని ఆపీసావేటి?" అన్నాడు. "పర్లేదు, వాయించుకో."

"ఆపలేదు," అన్నాను. "అయిపోయింది."