బొగ్గు అనే పనివాడు

ఇందా అనే బెంగాలీ పేట అవతలున్న ఫౌండ్రీలో ఇనుమంతా కరెంటు కొలిమిలోనే కరుగుతోందని విదేశీ కొనుగోలుదారుకు కాగితం వెళ్లింది. నిజానికి కొత్త కరెంటు కొలిమికి పూలదండ, వెనక షెడ్డులోని బొగ్గు కొలిమికి పనంతా. దాని పొగ పక్క వీధిదాకా పాకి, ఫౌండ్రీలో పనిచేసే లూకా భార్య సుజాతమ్మ ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టింది.

రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన లూకాకు, పోతపోసిన ప్రతి ముక్క మీదా అది ఏ కొలిమిదో సుద్దతో రాసే అలవాటు పోలేదు. ఇక్కడా తెలుగులో రాసేవాడు. తెలుగు చదవడం రాని మేనేజరు ఘోష్ బాబు అవి పనివాళ్ల పేర్లనుకున్నాడు.

కొనుగోలుదారు తరఫున తనిఖీకి వచ్చిన మేడం పెట్టెలు తెరిపించి, ఆ రాతలేమిటని అడిగింది.

"పోసినవాడి పేరు మేడం. లూకా, చదువు," అన్నాడు ఘోష్ బాబు పక్కనున్న అతనితో.

"బొగ్గు," అన్నాడు లూకా.

"వందలో ఎనభై ఇతనివే. ఒకసారి పిలవండి, చూస్తాను," అంది మేడం, మిగతా ముక్కల మీదా అదే రాత చూసి.

"సెలవులో ఉన్నాడు మేడం," అనేశాడు ఘోష్ బాబు, ఆ పేరుగలవాడెవడో తనకే తెలియకపోయినా.

లూకాకు ఒళ్లు మండింది.

"ఆడికి సెలవేటి బాబూ? మా ఇంటిదాని గుండెల్లో కూడా డ్యూటీ సేస్తన్నాడు."

విసురుగా వెళ్లి షెడ్డు తలుపు బార్లా తెరిచాడు. పొగ బయటికి తన్నుకొచ్చింది. పనివాళ్లంతా మూగారు.

"బొగ్గంటే మనిషి కాదు మేడం, హిందీలో కోయ్‌లా. ఏ కొలిమి సరుకో రాయడం మా వర్క్‌షాపు పద్ధతి. నన్ను పన్లోంచి తీసేసినా సరే, ఆ రాత మాత్రం సెరపనివ్వకండి."