పుస్తకంల లేని ఓడ మనిషి

ఇరవై మూడో పేజీల గూడ నేను లేను, ఒంటరిగా బయలుదేరాను అని రాసిన్రు, బొంబాయి రేవుల ఓడెక్కి గోవా దాక, నాలుగైదు వందలేండ్ల కింద పోర్చుగీసు నావికులు తిరిగిన నీళ్ళ మీద ఒంటరిగా నిలబడ్డాను అని, రాసింది మా ఆయనే, కొండల్‌రావు సారు, కాలేజీల చరిత్ర చెప్తరు, ఇప్పుడు వేదిక మీద మెడల బంతిపూల దండతోని నవ్వుకుంట కూసున్నరు, కరీంనగర్ల హాలు నిండ జనం, ముందు వరుసల నేను, ఒడిల గీ కొత్త పుస్తకం, ఇంట్ల ఒక్కనాడు సూపియ్యలే, అందరితోని పాటే చదువుదువు తియ్ అన్నరు, పేజీలు తిప్పుతున్న, నలభైల లేను, యాభైల లేను,

మేమిద్దరం కలిసి పోయి మూడేండ్లాయె, ఓడ కదిలిన గంటకే ఆయనకు కక్కుడు షురువాయె, కింద చాప మీద ఒరిగి, లీలా, జర తల పట్టుకోయే, బతుకుతనా నేను అన్నరు, నిమ్మకాయ చీకిచ్చిన, నొసటి మీద తడిబట్ట ఏసిన, పెన్ను పట్ట చేతగాక, నువ్వన్న మీదికి పోయి సూసిరా, ఏమున్నదో చెప్పు అన్నరు, ధర్మపురి కాడ గోదావరి కన్న పెద్ద నీళ్ళు సూడనిదాన్ని, కొంగు నడుముకు చెక్కి ఇనుప మెట్లు ఎక్కిన, దిగిన, ఎన్నిసార్లో, గాలికి ఒరిగిన పెసరచేను లెక్కున్నదండి సముద్రం అని నేనంటే, రాయి రాయి, గట్లనే రాయి అన్నరు, నా చేతితోనే రాసిన, ఆ మాట గిప్పుడు అచ్చుల ఉన్నది, గాలికి ఒరిగిన పెసరచేనులా నా కంటికి కనిపించింది సముద్రం అని, ఆయన కంటికట, పాత నావికుల పుస్తకాలు చదివి ఈయనే కోపానికొస్తుండిరి, నూట డెబ్బై మంది పోతే కప్తాను తన పేరొక్కటే రాసుకున్నడు, తెరచాప కట్టినోళ్ళు మనుషులు గాదా అని, చాయ్ చల్లారేదాక వింటుంటి, ఎంత మంచి మనసో అనుకుంటి,

చప్పట్లాగినయ్, ఎనుక వరుసలకెళ్ళి ఒక కాలేజీ పిల్ల లేచింది, సార్, ఎగిరే చేపల గురించి రాసిన్రు గద, అవి ఒక్కటొక్కటి ఎగురుతయా, గుంపుగనా అని, ఆయన నీళ్ళు తాగి, నా దిక్కు సూసిన్రు, నా కాళ్ళు వాటంతటవే లేచినయ్, గుంపుగనే బిడ్డా, ఇరవై ముప్పై ఒక్కపారి, ఎండకు మెరిసి మల్ల నీళ్ళల్ల పడ్తయ్ అన్న, హాలంత నా దిక్కు తిరిగింది, ఆయన తల దించుకున్నరు, అమ్మా, మీరు గూడ పోయిన్రా అన్నది ఆ పిల్ల, పోయిన బిడ్డా అన్న, ఇంకేమేం సూసిన్రమ్మా అన్నది, చేతిల పుస్తకం మూసిన, కోపం గాదు, పేరు లేదన్న బాధ గూడ గాదు, ఓడ దిగిననాటి సంది ఎదురెదురుగ కూసోని తిన్న గిన్ని దినాలల్ల, పుస్తకం కోసం గాకుంట, నువ్వేం సూసినవే లీలా అని ఆయన అడుగుతరేమోనని ఎదురుచూసిన, గంతే, గా మాట ఈ పిల్ల అడిగింది, ఆయన అడగలే, ఇగ అడగరు.