రాజుగారు తడిసిన రోజు

రాణి వేషం కట్టే ఆవిడకి పొద్దున్నుంచీ గొంతు పెగల్లేదు. టిక్కెట్లు అమ్ముడైపోయాయి. దాంతో, దాసీ వేషాలు వేసీ వేసీ అందరిచేతా 'చెలికత్తె' అనే పిలిపించుకునే పిల్లకి రాణి చీర చుట్టారు. నాటకం కంపెనీ యజమానే అందులో రాజు. "ఇవాళ ఒక్క మాట తప్పినా రేపట్నుంచి రానక్కర్లేదు," అన్నాడు కిరీటం సర్దుకుంటూ. ఆయన అన్నాడంటే అన్నట్టే.

ఒక్కపూటలో అన్ని మాటలు బుర్రకెక్కడం ఎవరి తరం? ఆమె బాబాయి తెరచాటునుంచి మాటలందిస్తాడు. ఆయనే అడ్డదారి చూపించాడు.

"మనుషుల్ని మర్చిపోవే. మంత్రి నక్క. నీ చుట్టూ తిరిగి తిరిగి ఆగుతాడు. ఆగగానే నీ మాట. సేనాపతి కోడిపుంజు. ఛాతీ విరిస్తే నువ్వు బెదరాలి."

"మరి రాజుగారు?"

బాబాయి తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "దున్నపోతు. నువ్వెంత ఏడ్చినా చలించడు. ఈ మాట నోరు జారావో, ఇద్దరం వీధిన పడతాం."

అనొద్దన్న మాట ఊరుకుంటుందా? వచ్చి నాలుక చివరే కూర్చుంది.

తెర లేచింది. నక్క తిరిగింది, ఆగింది. ఆమె మాట తప్పలేదు. కోడిపుంజు ఛాతీ విరిచేసరికి, ఇక కూస్తాడేమో అనిపించి నవ్వు తన్నుకొచ్చింది. చెంగు నోట్లో కుక్కుకుంది. జనం ఏడుస్తోందనుకున్నారు, పాపం.

చివరి రంగం. తమ్ముడికి ఉరి తప్పించమని రాణి కాళ్లమీద పడింది. రాజు కదల్లేదు. భారీ భుజాలు, వంగిన మెడ, రెప్ప వేయని చూపు.

"నీ కంటికి నేనెలా కనబడుతున్నాను?" అన్నాడు రాజు.

'న్యాయం తప్పని ప్రభువులా' అనాలి.

"దున్నపోతులా," అంది.

తెరచాటున బాబాయి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. అయిపోయింది, నా బతుకు ఇక్కడితో సరి, అనుకుందామె.

రాజు నాటకంలో ఎక్కడా లేని పని చేశాడు. సింహాసనం దిగి ఆమె ఎదుట కూలబడ్డాడు.

"దున్నపోతునే. ఇన్నాళ్లూ నీ కన్నీళ్లు నా మీద వానలా కురిశాయి. ఇవాళ తడిశాను."

చప్పట్ల మధ్య తెర పడింది.

లోపల చెలికత్తె రాణి చీర మడతపెట్టి యజమాని ముందు పెట్టింది, ఇక సెలవన్నట్టు. ఆయన దాన్ని వెనక్కి నెట్టాడు.

"రేపూ అదే అను. గట్టిగా అను, వెనక వరసకి వినబడలేదు."

తలెత్తి చూసింది. రాజుగారి కాటుక గడ్డం దాకా కారి ఉంది.