వెనిగర్ సీసాల వెనక

అద్దాల తలుపు నెట్టుకొని వచ్చిన మనిషి బిల్లు చాపితే, కిష్ట్యా ముందు బిల్లు చూడడు. మనిషి కళ్ళు చూస్తాడు. ఆ తర్వాత సంచి నోరు రెండు వేళ్ళతో తెరిచి లోపలికి తొంగి చూస్తాడు. నూనె ప్యాకెట్టు కింద ఏముంది, సబ్బుల మధ్యన ఏం దూరింది అన్నీ అయ్యాకే బిల్లు అందుకుంటాడు. మూలన చిన్న చిల్లు పొడిచి, ఇంకా నమ్మకం కుదరనట్టు ఒక క్షణం ఆగి తిరిగి ఇస్తాడు.

మిర్యాలగూడలో ఆ సూపర్ మార్కెట్ తెరిచి ఆరేళ్ళు. అందులో నాలుగేళ్ళుగా గేటు దగ్గర ఉన్నది కిష్ట్యాయే. వయసు యాభై ఏడు. పొడుగు మనిషి. నీలం రంగు యూనిఫారం ఎవరి కొలతకో కుట్టింది. చొక్కా చేతులు మణికట్టుకు జానెడు పైనే ఆగిపోతాయి. ఎడమ భుజం కుడి భుజం కంటే రెండంగుళాలు కిందికి జారి ఉంటుంది. దూరం నుంచి చూసేవాళ్ళకు ఆయన ఎప్పుడూ గోడకు ఆనుకోబోతున్నట్టు కనిపిస్తాడు. ఆ భుజం మీద ఇరవై రెండేళ్ళు బియ్యం బస్తాలు నడిచాయి.

ఆయనకు దేని మీదా నమ్మకం లేదు. పాలవాడు గిన్నెలో పాలు పోస్తే వేలు ముంచి చూస్తాడు. పుచ్చకాయ అమ్మేవాడు తానే ముక్క కోసి రుచి చూడమంటే, కోసిన వైపు ఒక్కటే తియ్యగా ఉంటుందేమోనని కాయంతా తిప్పి చూస్తాడు. "నువ్వు పుట్టినప్పుడే మీ అమ్మను అనుమానంగ సూసినవేమో" అంటుంది భార్య జమున. ఆమె మాట్లాడే మాటల్లోనూ ఆయన ఇంకేదో వెతుకుతాడు.

అది పుట్టుకతో వచ్చింది కాదు. హాలియా దగ్గరి తండా నుంచి పెళ్ళైన కొత్తలో మిర్యాలగూడ వచ్చి రైస్ మిల్లులో హమాలీగా చేరాడు. రోజూ సాయంత్రం పని దిగాక గేటు దగ్గర చేతులు పైకెత్తి నిలబడాలి. గుమాస్తా ఒక్కొక్కరి నడుము తడిమేవాడు, తలకు చుట్టిన రుమాలు విప్పించి దులిపించేవాడు. ఆడవాళ్ళు కొంగు ఝాడించి చూపాలి. ఒక వానాకాలం ఒక బస్తా తక్కువ వచ్చింది. ఆరుగురు హమాలీలను ముసురులో వాకిట్లో నిలబెట్టారు. మర్నాటి నుంచి ఐదుగురిని మామూలుగానే పంపారు. తండా మనిషి కిష్ట్యాను మాత్రం రెండు నెలల పాటు పక్కకు పిలిచి, చొక్కా విప్పించి మరీ చూశారు. ఆ బస్తా అసలు మిల్లు దాటలేదనీ, గుమాస్తా లారీ లెక్కలో ఒకే బస్తాకు రెండుసార్లు టిక్కు పెట్టాడనీ ఆయనకు ఎవరూ చెప్పలేదు. చాయ్ హోటల్లో పక్క బల్ల మీద ఎవరో నవ్వుకుంటూ చెప్పుకుంటుంటే విన్నాడు. తాగుతున్న చాయ్ అక్కడే పెట్టేసి లేచి వచ్చాడు.

భుజం పనికి రాకుండా పోయాక ఈ గేటు పని దొరికింది. మొదటి రోజు చిల్లులు పొడిచే మిషన్ చేతిలో పెట్టి "ఇగ నువ్వు సూడాలె అందర్ని" అన్నారు. ఆ రోజు ఇంటికి పోతూ ఆయన కొంచెం నిటారుగా నడిచాడు.

ఈ గురువారం పొద్దున షట్టర్ ఎత్తగానే మేనేజర్ సాగర్ పిలిచాడు. ముప్పై ఏళ్ళు కూడా నిండని మనిషి, చేతిలో ఎప్పుడూ ఫోను.

"కిష్ట్యా, గోధుమ పాస్తా నాలుగు ప్యాకెట్లు కనపడ్తలేవు. కంప్యూటర్ల ఉన్నయ్, ర్యాకుల లేవు."

"గదెవరు తింటరు సార్?"

"తినేటోళ్ళు ఉన్నరు కాబట్టే పోయినయ్. కెమెరా ఆ మూలకు అందది. సరే, ఎవరో తీసిన్రనుకుందాం. మరి గేటెట్ల దాటినయ్?" సాగర్ ఫోను లోంచి తల ఎత్తాడు. "గాడ నువ్వే ఉంటవు గదా?"

కిష్ట్యాకు చెవుల వెనక వేడెక్కింది. ఆ మాటకు రెండు వైపులా పదును ఉందని ఆయనకు తెలుసు.

పది గంటల దాకా జనం పలచగా ఉన్నారు. నిలబడ్డ చోటే ఆయన ఒక్కొక్క మొహాన్నీ మనసులో తిరగేశాడు. పెరుగు డబ్బా కోసం వచ్చి చాక్లెట్ల దగ్గర తచ్చాడే మనిషి కాదు. డైపర్ల ప్యాకెట్టు చంకలో పెట్టుకొని తిరిగే ఆమె కాదు. ఆలోచించగా ఆలోచించగా ఒక మనిషి దగ్గర ఆగాడు.

ప్రతి గురువారం హుజూర్‌నగర్ బస్సు వచ్చిన కాసేపటికి వచ్చే పెద్దామె. బిల్లు కౌంటర్‌లోని అఖిల ఆమెను సుగుణమ్మ టీచర్ అంటుంది. సన్నటి మనిషి, గంజి పెట్టిన నేత చీర, మోచేతికి వేలాడే నల్ల బ్యాగు. వచ్చిందంటే ఆ పాస్తాల మూలకే. కళ్ళద్దాలు నెత్తి మీదికి తోసి, ప్యాకెట్టు వెనక ఉన్న చీమకాళ్ళంత అక్షరాలను ముక్కుకు ఆనించుకొని చదువుతుంది. ఒకటి పెట్టి ఇంకొకటి తీస్తుంది. అరగంట. చివరికి బిల్లులో ఒక్క ప్యాకెట్టు. ఒక్క ప్యాకెట్టు కొనడానికి అరగంట దేనికి? పైగా రెండు వారాలుగా రాలేదు. తీసినవాళ్ళే కొన్నాళ్ళు మొహం చాటేస్తారు.

పదకొండు దాటాక ఆమె రానే వచ్చింది. నమస్కారం పెట్టలేదు, నవ్వలేదు. తల వంచుకొని సరాసరి ఆ మూలకు నడిచింది.

కిష్ట్యా అఖిలను గేటు చూడమని సైగ చేసి, పిండి ప్యాకెట్ల వరుస చుట్టూ తిరిగి వెనక వైపుకు పోయాడు. బెల్లం డబ్బాల సందులోంచి చూస్తే ఆమె చేతులు స్పష్టంగా కనిపించాయి. ఆమె అటూ ఇటూ చూసింది. కింది అరలో వెనిగర్ సీసాలను మెల్లగా పక్కకు జరిపి, మోచేతి దాకా చెయ్యి లోపలికి పోనిచ్చింది. చెయ్యి బయటికి వచ్చేసరికి అందులో ఒక ప్యాకెట్టు. ఎర్రమట్టి రంగు గొట్టాలు. గోధుమ పాస్తా.

కిష్ట్యా గుండె దడదడలాడింది. అది భయం కాదు. దొరికింది అన్న సంతోషం. ఇప్పుడు బ్యాగు జిప్పు తీస్తుంది, అప్పుడు పట్టుకోవాలి అనుకొని ఊపిరి బిగబట్టాడు.

ఆమె జిప్పు తీయలేదు. ప్యాకెట్టుకు పట్టిన దుమ్మును కొంగుతో తుడిచి, పై అరలో అందరికీ కనిపించే చోట పెట్టింది. మళ్ళీ వంగింది. రెండోది తీసింది, తుడిచింది, పెట్టింది. మూడోది. నాలుగోది తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది.

ఎంతసేపు చూసినా ఆ చేతులు బ్యాగు వైపు పోలేదు. ఇక లాభం లేదని కిష్ట్యా బయటికొచ్చాడు.

"ఏం జేస్తున్నరమ్మా?"

ఆమె ఉలిక్కిపడింది. ఒక సీసా ఇంకో సీసాకు తగిలి గల్లుమంది. "తప్పు నాదే బాబూ. ఇవి ఇక్కడ దాచింది నేనే."

"దాసుడెందుకు? కావాలంటె కొనుక్కపోవచ్చు గదా."

"నాలుగూ కొని ఇంట్లో పెడితే ఆయన రోజూ అడుగుతాడు. వారానికి ఒక్కసారే పెట్టమన్నాడు డాక్టరు. ఇక్కడ వదిలేసి పోతే మళ్ళీ వచ్చేసరికి ఎవరో పట్టుకుపోతారు. మీ కొట్లో ఇవి ఎప్పుడో గానీ రావు కదా. అందుకని ఈ సీసాల వెనక పెట్టి, వారానికొకటి తీసుకుపోయేదాన్ని."

కోదాడ వైపు మాట. మెల్లగా, పాఠం చెప్పినట్టు చెబుతోంది. కిష్ట్యా ఆమె కళ్ళలోకి చూశాడు, బిల్లు అందుకునే ముందు చూసినట్టే.

"గింత పరేషాన్ ఎందుకమ్మా ఈ గొట్టాల కోసం?"

"ఆయన కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేశాడు. పళ్ళు ఊడిపోయాయి, సుగరు. అన్నం తగ్గించమన్నారు, రొట్టె నమలలేడు. ఓసారి సూర్యాపేటలో మా ఆడపడుచు మనవరాలి పుట్టినరోజుకి హోటల్లో ఇది పెట్టారు. ఇంటికొచ్చాక, సుగుణా, అట్లాంటిది చేస్తావా అన్నాడు. నలభై ఏళ్ళలో ఫలానాది కావాలని ఆయన నోరు తెరిచి అడిగింది అదొక్కటే." ఆమె చేతిలోని ప్యాకెట్టు అటూ ఇటూ తిప్పింది. "మైదాది వద్దన్నారు. గోధుమదైతే పర్వాలేదన్నారు. కోదాడలో చూశాను, సూర్యాపేటలో చూశాను. ఒకటి ఉడికిస్తే సంకటై కూర్చుంది. ఒకటి సైకిల్ ట్యూబు. ఇంకొకదానికి గోనెసంచి వాసన."

"తవుడు పాతబడితే గట్లనే కంపు గొడ్తది." మాట దానంతట అదే వచ్చేసింది కిష్ట్యాకు. "పొట్టు తియ్యని పిండి ఎక్కువ దినాలు ఆగది."

"మీకెట్లా తెలుసు?"

"మిల్లుల జేసిన. ఇరవై రెండేండ్లు."

ఆమె ఆయన జారిన భుజం వైపు ఒకసారి చూసింది. "ఇదొక్కటే బాగుండేది. ఉడికాక కూడా గోధుమ వాసనే వచ్చేది. ఉల్లిపాయ, టమాటా, ఇంత వెల్లుల్లి కారం వేసి కలిపితే గిన్నె గీకి మరీ తినేవాడు."

కిష్ట్యాకు ఇంకా ఒకటి తేలలేదు. లోపలి అనుమానం అంత తొందరగా కూర్చోదు. "మరి ఇయ్యాల ఎందుకు బయట పెడ్తున్నరు?"

ఆమె నాలుగో ప్యాకెట్టును మిగతా మూడింటి పక్కన సర్దింది. అంచులు సమంగా వచ్చేదాకా వేలితో నెట్టింది.

"ఇంకెవరైనా తింటారు కదా."

కిష్ట్యాకు అప్పుడు కనిపించింది, ఆమె నుదురు. ఆ నుదుటి మీద ఇంతకు ముందు గుండ్రటి ఎర్ర బొట్టు ఉండేది. పొద్దుటి నుంచి అందరి సంచుల్లోకీ తొంగి చూసిన తన కళ్ళకు ఎదురుగా ఉన్న మొహం కనపడలేదు.

"ఎప్పుడమ్మా?"

"రేపటికి పద్దెనిమిది రోజులు. పొద్దున కాఫీ పెట్టి లేపితే లేవలేదు. కరెంటాఫీసులో కాయితాల పనుండి ఇవాళ వచ్చాను. బస్సు దిగగానే ఇవి గుర్తొచ్చాయి. నేను దాచినవి నేను తీయకపోతే ఎవరికీ కనపడకుండా అక్కడే పాడైపోతాయి."

కిష్ట్యా కింద పక్కకు జరిగిన వెనిగర్ సీసాలను వంగి సరిగ్గా నిలబెట్టాడు.

గేటు దగ్గరకు వచ్చాక ఆమె తనే ఆగింది. ఏమీ కొనకుండా పోయేవాళ్ళ సంచులు చూడాలన్నది అక్కడి రూలు, ఆమెకూ తెలుసు. బ్యాగు జిప్పు బార్లా తెరిచి ఆయన ముందు పట్టుకుంది.

"వద్దు టీచరమ్మా."

"చూడండి. లేకపోతే మీకు మాటొస్తుంది."

ఆయన తల వంచి బ్యాగులోకి చూసినట్టు చేశాడు. నిజానికి ఆమె చెప్పుల వైపు చూశాడు. ఎడమ చెప్పు పట్టీకి పిన్నీసు పెట్టి ఉంది. ఆమె జిప్పు మూసుకొని, ఎండలోకి దిగి, బస్టాండు వైపు నడిచి పోయింది. ఆమె చీర మలుపు తిరిగేదాకా కిష్ట్యా తర్వాతి మనిషి బిల్లు అందుకోలేదు.

మధ్యాహ్నం భోజనానికి పోబోతున్న సాగర్‌కు చెప్పాడు. "సార్, నాలుగు ప్యాకెట్లు దొరికినయ్. వెనిగర్ సీసాల వెనక పడ్డయ్."

సాగర్ పోయి చూసి వచ్చాడు. ఎదురుగా నిలబడి ఆయనను కింది నుంచి పైదాకా చూశాడు.

"నిన్న మొత్తం ర్యాకులన్ని దేవులాడినం. అప్పుడు లేవు. పొద్దున నేను నిన్ను అడిగినంక ఉన్నయా?"

కిష్ట్యా నాలుక మీద ఆమె పేరు ఉంది, ఊరు ఉంది. ఒక్క మాట అంటే ఖతం. ఫోను చేసి అడుగుతారు, లేదంటే మళ్ళీ ఎప్పుడైనా వస్తే గేటు దగ్గరే ఆపి అడుగుతారు, ఆమె కూడా ఇలాగే నిలబడుతుంది.

"ఏమో సార్. ఎట్ల పడ్డయో."

"అంత సక్కగ వరుసకు ఎట్ల నిలబడ్డయ్ మల్ల? దుమ్ము గూడ తుడిసి." సాగర్ నవ్వాడు. "సరే. పెద్దమనిషివని ఈసారికి ఇడుస్తున్న. మల్లొకపారి గిట్ల గావొద్దు."

"సరే సార్."

చెవుల వెనక మళ్ళీ వేడెక్కింది. అఖిల కౌంటర్ లోంచి చూసి, చూడనట్టు తల తిప్పుకుంది. ఆయన కుండలోంచి రెండు గ్లాసుల నీళ్ళు తాగాడు. గేటు దగ్గరకు వచ్చి మిషన్ చేతికి తీసుకున్నాడు. సాయంత్రం దాకా ఎన్ని బిల్లులకు చిల్లులు పొడిచాడో గానీ ఒక్క సంచిలోకీ సరిగ్గా చూడలేదు.

డ్యూటీ దిగే ముందు కాళ్ళు ఆయనను ఆ మూలకే తీసుకుపోయాయి. పై అరలో మూడు ప్యాకెట్లే ఉన్నాయి; ఒకదాన్ని ఎవరో కొనుక్కుపోయినట్టున్నారు. ఆయన మోకాళ్ళ మీద కూర్చొని వెనిగర్ సీసాలు జరిపాడు. ఇంకా ఏమైనా మిగిలిందేమో చూద్దామని. ఆమె అబద్ధమాడిందేమోనన్న పిసరంత అనుమానం ఇంకా ఉందని తనకు తానే ఒప్పుకుంటూ చెయ్యి లోపలికి పోనిచ్చాడు.

ప్యాకెట్లేమీ తగల్లేదు. నాలుగు మడతలు పెట్టిన కాయితం ఒకటి తగిలింది. ఎప్పుడో ప్యాకెట్టు తీస్తుంటే జారి పడి ఉంటుంది. క్యాలెండర్ చింపిన వెనకవైపు, సామాను చీటీ. కిష్ట్యా బస్సు బోర్డులు చూసి కూడబలుక్కొని నేర్చుకున్న చదువుతో ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదివాడు. నీలి సిరాతో, వణికే చేతితో, కరెంటు స్తంభాల మీద నంబర్లు వేసినంత పెద్దపెద్ద అక్షరాలు. బట్టల సబ్బు. వత్తుల కట్ట. కందిపప్పు.

ఆయన ఆ చీటీని జేబులో పెట్టుకోలేదు, చెత్తబుట్టలోనూ వేయలేదు. మడతలు మళ్ళీ అలాగే పెట్టి సీసాల వెనకే ఉంచి, లైట్లు ఆర్పుతున్నారని అఖిల పిలిస్తే లేచి పోయాడు.

చీటీలో చివరి వరుస, పాస్తా రెండు; ఆ రెండును టీచర్ల ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి, పక్కనే గుండ్రటి అక్షరాలతో ఒకటి అని దిద్ది ఉంది.