వయోలా పాట క్లారినెట్‌కి

నాటకశాల వాద్యబృందంలో అక్కది నొటేషన్ కాపీలు రాసే పని. అందరూ ఆమెను గీతలమ్మ అనేవాళ్ళు. చెల్లెలు అదే బృందంలో వయోలా, అంటే వయొలిన్ కన్నా కాస్త పెద్ద వాద్యం, వాయించేది. భుజం పట్టేసి రెండు నెలలుగా ఇంట్లోనే ఉంది.

ఒక ఉదయం బృందాన్ని నడిపించే మాస్టారు వయోలా కాగితాలు తెచ్చి అక్క బల్ల మీద పెట్టారు.

"రెండో అంకంలో వయోలా ఒక్కటే వాయించే ముక్క ఉంది చూడు, అది క్లారినెట్‌కి మార్చి రాయమ్మా. శుక్రవారం రిహార్సల్."

"చెల్లి వచ్చే నెల వచ్చేస్తుంది కదండీ?"

"ఇక రానక్కర్లేదు. నేనే మెల్లగా చెప్తాను. అందాకా నీ నోరు దాటకూడదు. నీ ఉద్యోగమూ చూసుకోవాలి కదా."

అక్క తలూపింది. తీరా కాగితం విప్పితే చదవడం రాలేదు. ఏ గీత మీద ఏ స్వరమో చెప్పే గుర్తు క్లెఫ్; పాటగాళ్ళకీ వేణువుకీ రాసే క్లెఫ్ ఒక్కటే ఆమెకు తెలుసు. వయోలాది వేరే క్లెఫ్. అవే ఐదు గీతలు, అవే చుక్కలు, కానీ ఏ చుక్కా తను ఎరిగిన స్వరం కాదు. చెల్లెలు తన కాగితాలు తనే రాసుకునేది కనక ఇన్నేళ్ళూ అవసరం పడలేదు. ఇప్పుడు అడగడానికి ఉన్నదీ ఆ చెల్లెలే.

సాయంత్రం చెల్లెలి ఇంటికెళ్ళి, "వయోలా నొటేషన్ చదవడం నేర్పవే," అంది.

చెల్లెలి మొహం చేటంత అయింది. "ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందా తల్లీ! ఇక నా కాగితాలు కూడా నువ్వే రాసిపెడతావన్నమాట."

అక్క ఖాళీ కాగితం, పెన్సిలు తీసి ఆమె ముందు పెట్టింది.

"నడిమి గీత చూడు. నువ్వు 'బి' అని చదువుతావ్. ఇక్కడది 'సి'. దాన్నొక్కదాన్ని పట్టుకో, మిగతావన్నీ మేకపిల్లల్లా వెనకాలే వస్తాయి."

మూడు సాయంత్రాలు ఓపిగ్గా నేర్పింది. క్లారినెట్ రాసినదానికన్నా ఒక మెట్టు కింద పలుకుతుంది కనక, అక్క ఇంటికొచ్చి ప్రతి స్వరాన్నీ ఒక మెట్టు పైకి జరిపి రాసింది. క్లారినెట్‌కు అందని అడుగు స్వరాలను ఒక స్థాయి పైకెత్తింది.

శుక్రవారం చెల్లెలు, డాక్టరు వాయించుకోవచ్చన్నాడన్న కబురు చెప్పడానికి చెప్పాపెట్టకుండా రిహార్సల్‌కు వచ్చింది. గుమ్మంలోనే తన ముక్క క్లారినెట్ మీద వినబడింది. తిన్నగా స్టాండు దగ్గరికెళ్ళి కాగితం చూసింది. అక్క దస్తూరి.

"అది కాదమ్మా, నేనే చెబుదామనీ..." మాస్టారు నసిగారు.

చెల్లెలు ఆయన వంక చూడలేదు. "ఇక్కడ పాత అలవాటుతో చదివేశావక్కా," అంటూ పెన్సిల్‌తో ఒక స్వరం దిద్దింది.

"చెబితే నేర్పవనుకున్నానే," అంది అక్క.

"చెప్పుంటే నేనే రాసిచ్చేదాన్ని. నీ ఉద్యోగం పోనిస్తానా?"

నాటకం ఆరు వారాలు ఆడింది. క్లారినెట్ ముక్కను అందరూ మెచ్చుకున్నారు. చెల్లెలు ఒక బడిలో పిల్లలకు సంగీతం చెప్పే పనిలో చేరింది. అక్క రెండుసార్లు ఆమె ఇంటికెళ్ళింది.

"రండి, కూర్చోండి," అంది చెల్లెలు రెండుసార్లూ, బయటివాళ్ళతో అన్నట్టు.

చెల్లెలు ఇచ్చిన టీ తాగి అక్క వచ్చేసింది. మూడోసారి వెళ్ళలేదు.